అచ్చులు ఎడమకి, హల్లులు కుడికి

మా పెదనాన్నగారు తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఆయనకో వ్యసనం పట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ముసలివాళ్ళ నోట వినబడే సామెతలూ, జాతీయాలూ, తిట్లూ (అవును, తిట్లు కూడా) లాంగ్ నోటుపుస్తకాల్లో రాసుకుంటూ పోయారు. 2006 ఎండాకాలానికి అవి పన్నెండు పుస్తకాలయ్యాయి. అచ్చు వేయిద్దామనుకుని ముందుగా ఒక పుస్తకం డీటీపీకి ఇచ్చారు. తిరిగొచ్చిన ప్రూఫులు చూసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని మా పెద్దమ్మ చెప్పింది. అక్షరదోషాలైతే దిద్దుకోవచ్చు. టైపు చేసిన కుర్రాడు తనకు తెలియని మాట వచ్చినప్పుడల్లా తెలిసిన మాట వేసేశాడు. 'రోకటిపోటు' కాస్తా 'రోకలిపోటు' అయింది. 'నాగటిచాలు' 'నాగలిచాలు' అయింది.

"పేజీకింతని డబ్బులిచ్చి నా తెలుగు వాడిచేత దిద్దించుకోవాలట్రా? నేనే కొట్టుకుంటాను. ఆ మిషనేదో నాకు నేర్పు" అన్నారు ఫోన్లో. అప్పటికి ఆయనకు అరవై ఏడు.

ఇంట్లో మనవడి చదువు కోసం కొన్న కంప్యూటర్ ఉంది. మనవడు ముందు తనకు తెలిసిన దారి చూపించాడు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మారిపోయే పద్ధతి అది. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో తెలుగు విద్యార్థులు తయారుచేసుకున్న ఆర్టీఎస్ అనే ఏర్పాటు నుంచి వచ్చిన సంప్రదాయం. 2006లోనే వచ్చిన 'లేఖిని' దాన్ని ఎందరికో దగ్గర చేసింది. ఏ, ఎమ్, ఎమ్, ఏ కొడితే 'అమ్మ' వస్తుంది. త కావాలంటే చిన్న టీ, ట కావాలంటే పెద్ద టీ. ఇంగ్లీషు చదువుకుని, ఇంగ్లీషు కీబోర్డు మీద చెయ్యి తిరిగినవాళ్ళకి ఇంతకన్నా సుఖం లేదు. నేనూ ఏళ్ళ తరబడి అలాగే రాశాను.

పెదనాన్నగారు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని అరపేజీ కొట్టారు. తర్వాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "ఒరేయ్ అబ్బాయ్, నేను అరవై ఏళ్ళుగా తెలుగులో ఆలోచిస్తున్నాను. ఇప్పుడు ప్రతి మాటకీ ముందు ఇంగ్లీషు స్పెల్లింగు కట్టుకుని, దాన్ని మళ్ళీ తెలుగు చేసుకోవాలా? మధ్యలో ఈ దుబాసీ ఎవడురా?" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. అంతవరకూ ఆ దుబాసీ ఉన్నాడన్న సంగతే నేను గమనించలేదు మరి.

దుబాసీ అక్కర్లేని దారి ఒకటి ఉందని మాత్రం తెలుసు. దాని పేరు ఇన్‌స్క్రిప్ట్. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణంగా ప్రకటించి, 1988లో సవరించిన కీబోర్డు అమరిక ఇది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ తెచ్చిన ఇస్కీ ప్రమాణంలో కూడా ఇది భాగం. విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పటి నుంచీ, అంటే 2001 నుంచీ, విండోస్‌లో తెలుగుకి ఈ అమరిక ఉంది. కాకపోతే ఎక్స్‌పీ రోజుల్లో అది దాక్కుని ఉండేది. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి, విండోస్ సీడీ పెట్టి, భారతీయ లిపులకు కావలసిన ఫైళ్ళు ఎక్కించుకుంటే తప్ప బయటికి వచ్చేది కాదు. ఇప్పటి విండోస్ 10, 11లలో ఆ బాధ లేదు. సెట్టింగ్స్‌లో తెలుగు భాషని చేర్చుకుంటే చాలు. విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఇంగ్లీషుకి మారిపోవచ్చు.

ఆ వారం తెనాలి వెళ్ళినప్పుడు కీబోర్డు పటం ఒక కాగితం మీద అచ్చు తీసి, అక్షరాలు ఒక్కొక్కటీ కత్తిరించి, కీల మీద అంటించి, పైన సెల్లో టేపు వేశాను. పెద్దమ్మ చూసి "ఇదేంటిరా, పెళ్ళికూతురికి బొట్లు పెట్టినట్టు" అని నవ్వింది.

పెదనాన్నగారు నవ్వలేదు. కీబోర్డుని ఒళ్ళో పెట్టుకుని పావుగంట తదేకంగా చూశారు. నేను చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపి, "ఉండు, ఇది చేసినవాడికి వర్ణమాల తెలుసురా" అన్నారు.

ఆయనకి కనబడిందేమిటో చెబుతాను. మీ ముందు కీబోర్డు ఉంటే చూస్తూ చదవండి. అచ్చులూ గుణింతపు గుర్తులూ దాదాపు అన్నీ ఎడమచేతి వైపు. హల్లులు దాదాపు అన్నీ కుడిచేతి వైపు. చేతులు ఊరికే పెట్టుకుంటే వేళ్ళు ఆనే మధ్య వరస ఉంది కదా, అందులో కుడివైపు ప, ర, క, త, చ, ట ఉంటాయి. ర సంగతి వదిలేస్తే మిగిలినవి క చ ట త ప లు. బళ్ళో మనం వల్లించిన పరుషాలు. ఇప్పుడు సరిగ్గా వాటి పై వరస చూడండి. ప మీద బ, క మీద గ, త మీద ద, చ మీద జ, ట మీద డ. అంటే గ జ డ ద బ లు, సరళాలు. ఏ కీ అయినా షిఫ్ట్ పట్టుకుని కొడితే ఒత్తక్షరం వస్తుంది. క కీ మీద ఖ, గ కీ మీద ఘ.

"సరళాదేశ సంధి అంటే వేలు ఒక మెట్టు పైకెక్కడమేనన్నమాట!" అని పెదనాన్నగారు చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు. పూచెను, కలువలు అని కొట్టబోయి, క దగ్గర వేలు కొంచెం పైకి జరిపి 'పూచెను గలువలు' అని కొట్టి చూపించారు. ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల మీద చెప్పిన పాఠం వేలికింద కనబడితే ఎవరికైనా ముచ్చటే కదా.

ఎడమవైపు కూడా ఇలాంటి లెక్కే. మధ్య వరసలో గుడి ఉంటే దాని పైన గుడిదీర్ఘం, కొమ్ము ఉంటే దాని పైన కొమ్ముదీర్ఘం. హ్రస్వం కింద, దీర్ఘం పైన. ఆ కీలనే షిఫ్ట్‌తో కొడితే ఇ, ఈ, ఉ, ఊ అని పూర్తి అచ్చులు వస్తాయి. పొల్లు గుర్తు ఎడమచేతి మధ్యవేలు కింద, ఇంగ్లీషు డి ఉన్న చోట ఉంటుంది. ఒత్తులకి వేరే కీలు లేవు. 'స్త్రీ' రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మనం నోటితో విడమరిచి చెప్పే వరసే. పాత టైపు మిషన్ల మీద అక్షరం ఆకారాన్ని ముక్కలుగా పేర్చేవాళ్ళు. ఇక్కడ పేర్చే పని కంప్యూటర్‌ది, పలికే వరస మనది. యూనికోడ్‌లో తెలుగు దాచుకునే వరసా ఇదే. యూనికోడ్ వాళ్ళు భారతీయ లిపులకి ఇస్కీనే ఆధారంగా తీసుకున్నారు మరి.

ఇంకో విశేషం. హిందీకీ, కన్నడానికీ, మలయాళానికీ, బెంగాలీకీ కూడా ఇదే అమరిక. క ఎక్కడున్నా ఒకే కీ మీద ఉంటుంది. తెలుగు నేర్చిన వేళ్ళకి కన్నడం దాదాపు ఉచితంగా వచ్చేస్తుంది.

నేర్పడానికి నేనేమీ కష్టపడలేదు. మధ్య వరసలోని కీలతోనే వచ్చే మాటలు నాలుగు రాసిచ్చాను: తోట, కోతి, కత్తి, పత్రిక. వేళ్ళు పైకీ కిందికీ కదపకుండా ఇవన్నీ కొట్టొచ్చు. మర్నాడు పొద్దున్నే ఆయన ఐదోది కనిపెట్టారు. తెరమీద పెద్ద అక్షరాల్లో 'రోకటిపోటు' అని ఉంది. నిజంగానే ఆ మాటంతా మధ్య వరసలోనే ఉంది! "ఇదిగో, ఇక దీన్ని ఎవడు మారుస్తాడో చూస్తాను" అన్నారు. మూడు వారాల్లో స్టిక్కర్లు చూడకుండా కొట్టడం మొదలుపెట్టారు. ఆయన పట్టుదల చూసి సిగ్గేసి నేనూ నేర్చుకున్నాను. నాకు మాత్రం రెండు నెలలు పట్టింది. ఇంగ్లీషు అలవాటున్న వేళ్ళకి ముందు దాన్ని మరవాలి కదా.

అసలు ఇంగ్లీషు కీబోర్డు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? అమెరికాలో మిల్వాకీ ఊరివాడు క్రిస్టఫర్ షోల్స్ 1868లో టైప్‌రైటర్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఆ యంత్రం రెమింగ్టన్ కంపెనీ తయారీలో 1874లో మార్కెట్‌కి వచ్చింది. ఆ కాలంలో కుదుర్చుకున్న అక్షరాల వరసే చిన్న మార్పులతో ఇవాళ మన ల్యాప్‌టాప్ దాకా వచ్చింది. 1936లో ఆగస్ట్ డ్వొరాక్ అనే ప్రొఫెసర్ ఇంకో అమరికకి పేటెంటు తీసుకున్నాడు. అందులో మధ్య వరసలో ఎడమచేతికి అచ్చులన్నీ, కుడిచేతికి ఎక్కువగా వాడే హల్లులు. చేతులు ఒకదాని తర్వాత ఒకటి ఆడితే అలసట తక్కువని ఆయన వాదం. డ్వొరాకే గెలవాల్సిందని ఒకరూ, ఆ గొప్పలకి సరైన రుజువుల్లేవని ఇంకొకరూ ఆర్థికవేత్తలు సైతం కొట్లాడుకున్నారు. పాల్ డేవిడ్ 1985లో ఒక వైపు రాస్తే, లీబోవిట్జ్, మార్గోలిస్ అనే ఇద్దరు 1990లో దానికి ఎదురు రాశారు. ఆ తగువు మనకెందుకు గానీ, అచ్చు ఒక చేతికి, హల్లు ఒక చేతికి అన్న పద్ధతి తెలుగుకి నప్పినంతగా ఇంగ్లీషుకి నప్పదని నా అభిప్రాయం. తెలుగు మాట హల్లు, అచ్చు, హల్లు, అచ్చు అని నడుస్తుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. డోలు కొట్టినట్టుంటుంది.

అయితే అంతా బాగానే ఉందా అంటే, లేదు.

మొదటి ఫిర్యాదు నెల తిరక్కుండానే వచ్చింది. "ఒరేయ్, ఒత్వం ఎక్కడో పెరట్లో పెట్టారేంట్రా!" ఆయన అన్నది నిజమే. ఓత్వం, అంటే దీర్ఘం, హాయిగా మధ్య వరసలో ఉంది. హ్రస్వమైన ఒత్వం మాత్రం కీబోర్డు ఎడమ పైమూలన, అంకె 1కి కూడా అవతల ఉన్న కీ మీద ఉంది. ఎత్వం కొంచెం నయం. అది కింది వరసలో ఎడమ చివరన ఉంది. హిందీ వర్ణమాలలో హ్రస్వ ఎ, ఒ లు లేవు. అన్ని భాషలకీ ఒకే పటం గీసేటప్పుడు ఈ రెండూ మూలలకి చేరడానికి అదే కారణమని నా అనుమానం. మనకేమో కొంచెం, కొడుకు, పొలం, మొదలు, తొందర, దొంగ, బొమ్మ... అడుగడుగునా ఒత్వమే. ప్రతిసారీ చిటికెనవేలు మూలకి సాగాలి. అరవై ఏడేళ్ళ చిటికెనవేలు.

ఇంకోవైపు, మనం ఎప్పుడో గానీ వాడని ఔత్వం మాత్రం మంచి స్థలంలో, ఓత్వానికి సరిగ్గా పైన కూర్చుంది. మౌనం, గౌరవం, సౌఖ్యం, పౌరుషం అని సంస్కృతం మాటలు తలుచుకుంటే తప్ప దానితో పనిలేదు. పల్లెటూరి సామెతల్లో అదెంత అరుదో వేరే చెప్పక్కర్లేదు.

రెండో ఫిర్యాదు ప్రశ్నార్థకం. ఇంగ్లీషులో ప్రశ్నార్థకం ఉండే కీ ఇన్‌స్క్రిప్ట్‌లో య కి వెళ్ళిపోయింది. ఆయన కంప్యూటర్లో ఆ గుర్తు కావాలంటే ఇంగ్లీషుకి మారి, కొట్టి, మళ్ళీ తెలుగుకి రావాలి. మన సామెతల్లో సగం ప్రశ్నలే కదా!

మూడోది కంటికి కనబడని అక్షరం. 'హైదరాబాద్‌లో' అని కొట్టి చూడండి. కంప్యూటర్ దాన్ని 'హైదరాబాద్లో' చేసేస్తుంది. ద పొల్లు తర్వాత ల వస్తే అది ఒత్తు అనుకుంటుంది, దాని తప్పేం లేదు. అలా కలవకుండా మధ్యలో ఒక అడ్డుగోడ పెట్టాలి. ఆ గోడకి వెడల్పు లేదు, రంగు లేదు. కానీ అదీ ఒక అక్షరమే, దానికీ యూనికోడ్‌లో ఒక నెంబరుంది. సాఫ్ట్‌వేర్, బస్‌స్టాండ్, రాజ్‌కుమార్ లాంటి మాటలకి అది లేకపోతే జరగదు. అదేమో ఒక మామూలు కీ మీద లేదు.

అప్పుడు తెలిసింది నాకు, కీబోర్డు అమరికని మనమే మార్చుకోవచ్చని. మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఉచితంగా ఇచ్చే 'కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్' అనే ప్రోగ్రాం ఉంది. ఉన్న తెలుగు అమరికని అందులోకి తెచ్చుకుంటే తెరమీద కీబోర్డు బొమ్మ వస్తుంది. ఏ కీ మీద నొక్కితే ఆ కీకి కావలసిన అక్షరం ఇవ్వొచ్చు. ఒక కీకి ఒకటికన్నా ఎక్కువ అక్షరాలు, నాలుగు దాకా, ఇవ్వొచ్చు కూడా. అయ్యాక కొత్త పేరు పెట్టి, ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు తయారుచెయ్యమంటే చేసిపెడుతుంది. అసలు అమరిక చెక్కుచెదరదు, దాని పక్కన మనది ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. పాడుచేస్తామేమోనన్న భయం అక్కర్లేదు. మాక్ వాడేవాళ్ళకి 'యుకలేలే' అని ఇలాంటిదే ఉంది. లినక్స్‌లో అయితే అమరికంతా మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసి ఉంటుంది, తెరిచి దిద్దుకోవడమే.

2007 చలికాలంలో ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని మొదలుపెట్టాం. మొదట ఒత్వాన్నీ ఔత్వాన్నీ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టాం. తర్వాత య కీకి షిఫ్ట్ పట్టుకుంటే ప్రశ్నార్థకం వచ్చేలా చేశాం. కనబడని అడ్డుగోడ దగ్గర నేను తెలివి ప్రదర్శించబోయాను. పారశీక భాషకీ ఈ గోడతో చాలా పని. వాళ్ళ ప్రామాణిక కీబోర్డులో షిఫ్ట్ పట్టుకుని స్పేస్ బార్ కొడితే అది వస్తుంది. ఎంత బాగుంది, మనమూ అలాగే పెట్టుకుందాం అన్నాను.

వారం తిరిగేసరికి పెదనాన్నగారి దగ్గర్నుంచి ఫోను. "నా మాటలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయిరా" అని. వెళ్ళి చూస్తే నిజమే. 'వాడు అన్నాడు'లో మధ్య ఖాళీ లేదు. 'మా ఊరు', 'ఆ ఇల్లు', అన్నీ అతుక్కున్నాయి. కాసేపు బుర్ర గోక్కున్నాక అర్థమైంది. తెలుగులో అచ్చుతో మొదలయ్యే మాటలెన్నో! ఇన్‌స్క్రిప్ట్‌లో మాట మొదట అచ్చు రావాలంటే షిఫ్ట్ పట్టుకోవాలి. వేగంలో ఆయన వేలు స్పేస్ కొట్టే లోపే షిఫ్ట్ మీదికి వెళ్ళిపోతోంది. ఖాళీ రావలసిన చోట కనబడని గోడ వస్తోంది. పారశీకులకి పనికొచ్చింది మనకి పనికిరాలేదు. అప్పటికి ఆయన కొట్టిన నలభై పేజీలు కూర్చుని దిద్దాను. గోడ కంటికి కనబడదు కదా, దిద్దడం ఎంత ముచ్చటగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

చివరికి దాన్ని వ కీ మీద షిఫ్ట్‌లోకి మార్చాం. ఆ చోటు తమిళ, మలయాళాలకి ప్రత్యేకమైన ఒక అక్షరం కోసం ఉంచినది. మా తెలుగు పటంలో ఖాళీగా ఉంది. అలాంటిదే న కీ మీద షిఫ్ట్ కూడా. తమిళంలో రెండు న లు ఉన్నాయి, ఆ రెండోదానికి వదిలిన చోటు అది. "మరి ణ తీసుకెళ్ళి మ మీద పెట్టారేంట్రా? న మీద ఉండాలి గదా" అని పెదనాన్నగారు మొదటి రోజు నుంచీ గొణుగుతూనే ఉన్నారు. న మీద కూడా ణ పెట్టాం. పాతచోటు నుంచి తీసెయ్యలేదు. ఎక్కడ కొట్టినా వస్తుంది.

అక్కడితో ఆపేద్దామన్నాను. ఆయనకి ఇంకా చాలా ఆలోచనలున్నాయి. ఎత్వాన్ని పైకి తేవాలని, ళ ని ఇంకోచోట పెట్టాలని. ఇక్కడే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. ప్రతి మార్పూ ఆ పూటకి సుఖంగానే ఉంటుంది. కానీ మార్చిన ప్రతి కీ దగ్గరా మనం మిగతా ప్రపంచం నుంచి ఒక అడుగు పక్కకి జరుగుతాం. వాడని ఖాళీలో కొత్త అక్షరం పెట్టుకుంటే నష్టం లేదు. ఉన్నదాన్ని కదిపితేనే ప్రమాదం అన్నాను. "నా కంప్యూటర్ నేను వాడుకుంటాను, ప్రపంచంతో నాకేం పని" అన్నారు.

పని పడింది. మరుసటి ఏడు ఊళ్ళో లైబ్రరీలో ఒక పెద్దమనిషి సంతాపసభ. పెదనాన్నగారు తెలుగు టైపు చేస్తారని పేరొచ్చేసింది కాబట్టి, సంతాప తీర్మానం అక్కడి కంప్యూటర్ మీద కొట్టిపెట్టమన్నారు. కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళారట, వేళ్ళ మీద నమ్మకంతో కొట్టేశారు. ప్రింటు తీసి సభలో చదివినాయనకి 'కౌంతమంది మిత్రులు' దగ్గర నోరు తిరగలేదు. చివరికి 'సభ్యులు రెండు నిమిషాలు మొనం పాటించారు' అని ఉంది. ఒత్వానికి ఔత్వం, ఔత్వానికి ఒత్వం. వేళ్ళు చేసిన తప్పేమీ లేదు, అవి ఇంటి కీబోర్డు మీదే కొట్టాయి!

"రోకలిపోటు కొట్టిన కుర్రాణ్ణి తిట్టాను చూడు, నాకే తగిలింది" అని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. ఆ తర్వాత మా అమరికని ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చాను. బయటి కంప్యూటర్లలో చాలాచోట్ల పాస్‌వర్డ్ లేకుండా ఇన్‌స్టాల్ చెయ్యనివ్వరు, అంచేత అది పెద్దగా పనికి రాలేదు. ఆ మార్పు వెనక్కి తీసేద్దామా అంటే ఒప్పుకోలేదు. బయటికి వెళ్ళి కొట్టడం మానేశారంతే. నేను మాత్రం నా కంప్యూటర్లో ఒత్వాన్ని మళ్ళీ మూలకే పంపేశాను. నాలుగు చోట్ల పనిచేసేవాణ్ణి, నాకు కుదరదు. ప్రశ్నార్థకం, అడ్డుగోడ, న మీద ణ, ఈ మూడే ఉంచుకున్నాను. కొత్తచోట ఇవి లేకపోతే ఆ గుర్తు రాదంతే. రాసినదాని అర్థం మారదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు, ఫోన్లో మాట్లాడితే అదే తెలుగులో రాసేస్తోంది కదా అని మీరు అడగొచ్చు. మా మనవడూ అదే అడిగాడు, అంటే పెదనాన్నగారి మనవడు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, తాతకి మంచి ఫోను కొనిచ్చాడు. పెదనాన్నగారు దాని ముందు కూర్చుని గొంతు సవరించుకుని ఒక సామెత చెప్పారు. ఫోను చక్కగా, తప్పుల్లేకుండా రాసింది. 'నాగలిచాలు' అని. ఆయన దాన్ని కాసేపు చూసి, ఫోను బోర్లా పెట్టి, కంప్యూటర్ దగ్గరికి వెళ్ళిపోయారు. ఎక్కువమంది అనే మాట ఏదో ఆ యంత్రానికి తెలుసు. ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ అన్న మాట దానికి ఎలా తెలుస్తుంది? ఉత్తరం రాయడానికి, కబురు పంపడానికి నోటిమాట టైపింగ్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, నేనూ వాడతాను. ఉన్న మాట ఉన్నట్టు దించుకోవలసినప్పుడు మాత్రం ఒక్కో అక్షరం కొట్టాల్సిందే.

పన్నెండు పుస్తకాల్లో తొమ్మిది పూర్తయ్యాయి. ఎనభై దాటారు కాబట్టి ఇప్పుడు రోజుకి గంటకన్నా కూర్చోలేరు. కీబోర్డు రెండుసార్లు మారింది, స్టిక్కర్ల అవసరం లేదు.

పోయిన నెల ఫోన్ చేశారు. 'చలి'లో చ వేరు, 'చిలుక'లో చ వేరు కదా, దాన్ని రాయడానికి పాత నిఘంటువుల్లో గుర్తున్న అక్షరం ఒకటుండేది, అది కంప్యూటర్లో లేదా అని. ఉంది. ౘ, ౙ రెండూ 2008లో యూనికోడ్‌లో చేరాయి. కొన్ని ఫాంట్లలో డబ్బా కనబడుతుంది గానీ, మంచి ఫాంటు పెట్టుకుంటే వస్తాయని చెప్పాను. పదో పుస్తకంలో పాతకాలపు మాటలున్నాయట, ఎలా పలికేవాళ్ళో కూడా చూపించాలట.

"మరి కీ ఎక్కడ ఇద్దాం వాటికి?" అన్నారు.

"చ కీ మీదే పెదనాన్నా. కుడివైపు ఆల్ట్ పట్టుకుంటే వచ్చేలా పెడదాం. జ కి కూడా అలాగే."

"అక్కడ ఇప్పుడేమీ లేదు గదా? ఉన్నదాన్ని కదపటం లేదు గదా?"

"లేదండీ. ఖాళీయే."

"అయితే ఆదివారం రా. పెద్దమ్మ పులిహోర చేస్తానంటోంది."